మాట ఉండి బొమ్మ పోయిన టీవీలు

టీవీ రిపేరు నేర్చుకుంటామని వచ్చే పిల్లలు ముందుగా అడిగేది ఏ మీటరు కొనాలని. మీటరు ఏదైనా ఫరవాలేదు, ముందు ఇంట్లోవాళ్లతో మాట్లాడటం నేర్చుకోండి అంటే వాళ్ల ముఖాలు చిన్నబోతాయి. ముసలాయన పని మరిచిపోయాడు, మాటలే మిగిలాయనుకుంటారు కాబోలు. అయినా అదే చెబుతాను. ఎందుకు చెబుతానో తెలియాలంటే ఈ నాలుగు పేజీలు ఓపికగా చదవాలి.

నేను మార్కాపురంలో టీవీ మెకానిక్‌గా బతికాను. దాంతోపాటే ఒక దినపత్రికకు విలేకరిగా వార్తలు రాశాను. చిన్న ఊళ్లలో ఇది వింత కాదు. వార్తలు ఒక్కటే ఇల్లు నడపవు కనక మా విలేకరుల్లో ఒకరికి ఎరువుల దుకాణం, ఇంకొకరికి జిరాక్సు మిషను ఉండేవి. నాకు టీవీలు ఉండేవి. పొద్దున టీవీలు, మధ్యాహ్నం దాటాక వార్తలు. సన్న మరలు కంటికి ఆనడం మానేశాక రెండూ వదిలేశాను.

నాకు ఇద్దరు గురువులు. ఒకరు నాకు పని నేర్పిన ఖాదర్ సాయిబు. పిక్చర్ ట్యూబుల కాలం మనిషి. ఎవరింటికి వెళ్లినా టీ పూర్తిగా తాగిందాకా స్క్రూడ్రైవరు బయటికి తీసేవాడు కాదు. "డబ్బా ఏం చెప్తదో తర్వాత విందువులే. ముందు ఆ ఇంటామె ఏం చెప్తదో విను" అనేవాడు. రెండోవారు పత్రికాఫీసులో ఒక సబ్ ఎడిటర్. ముఖం చూసింది తక్కువ, ఫోనులో తిట్లు తిన్నది ఎక్కువ. ఏ వార్త పంపినా ఆయన ఒకటే అడిగేవాడు: "నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా?" చెప్పారు సార్ అంటే, "అయితే వెళ్లి చూసి రా" అని ఫోను పెట్టేసేవాడు. ఒకరు వినమన్నారు, ఒకరు చూడమన్నారు. నా పనంతా ఆ రెండిటి మధ్యనే గడిచింది.

టార్చిలైటు పరీక్ష

ఈ కాలపు ఎల్ఈడీ టీవీకి ఎక్కువగా వచ్చే జబ్బు ఒకటుంది. మాట వినపడుతుంది, బొమ్మ కనపడదు. రిమోట్ నొక్కితే ఛానల్ మారినట్టు చెవికి తెలుస్తుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. అప్పుడు గదిలో లైటు ఆర్పి, సెల్‌ఫోను టార్చి వెలిగించి తెరకు ఆనించి ఏటవాలుగా పట్టుకుని చూడండి. నల్లటి తెరలో బొమ్మలు నీడల్లా కదులుతూ కనపడితే టీవీ బతికే ఉంది, దాని వెనకున్న దీపాలు ఆరిపోయాయని అర్థం. పోయింది బ్యాక్‌లైటు. తెర అద్దానికి, అంటే మేము ప్యానల్ అనేదానికి, సొంత వెలుగు లేదు. దాని వెనక పట్టీల మీద వరసగా చిన్న చిన్న బల్బులుంటాయి. ఆ వెలుగు తెల్లటి షీట్ల మీద పరుచుకుని ప్యానల్‌లోంచి బయటికొస్తేనే మనకు బొమ్మ. బల్బులన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఒకే దారిలో కలిపి ఉంటాయి కనక, చాలా టీవీల్లో ఒక్కటి మాడినా మొత్తం చీకటే.

ఈ చిన్న పరీక్ష చేయకుండా "ప్యానల్ పోయింది, పారెయ్యండి" అనే మెకానిక్కులు మన వైపు కొదవ లేదు. ప్యానల్ పోతే కొత్త టీవీ కొన్నంత ఖర్చు. బ్యాక్‌లైటు పోతే పట్టీలు మార్చుకోవడమే. తెలియక అలా అనేవాళ్లు కొందరు, ఆ టీవీని తూకానికి కొనుక్కుందామని అనేవాళ్లు కొందరు. ఇద్దరినీ నేను ఒకే లెక్కలో వేస్తాను. టార్చి కొట్టి చూడకుండా తీర్పు చెప్పేవాడు మెకానిక్ కాదు.

ఇంకో మాట. కవర్ విప్పే ముందు ప్లగ్గు పీకండి. పీకిన వెంటనే లోపల చెయ్యి పెట్టకండి. పవర్ బోర్డు మీదున్న పెద్ద కెపాసిటర్లు ప్లగ్గు పీకాక కూడా కొంతసేపు కరెంటు దాచుకుంటాయి. అవి ఖాళీ అయ్యాయని మీటరుతో చూసుకున్నాకే చెయ్యి వెయ్యాలి. ఆత్రంతో చేసే పని కాదిది.

నూర్జహాను చేతులు

ఖాదర్ సాయిబు పోయాక దుకాణం నడిపే పని చిన్నకొడుకు రఫీకి వచ్చింది. మంచి పనివాడు. ఒకసారి బండి మీద నుంచి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతికింది గానీ వేళ్లకు పట్టు రాలేదు. స్క్రూడ్రైవరు పట్టుకుంటే జారిపోయేది. అప్పుడు అతని భార్య నూర్జహాను దుకాణంలో కూర్చుంది. అంతకుముందే ఇంట్లో రఫీ పక్కన చేరి రిమోట్లు, సెట్‌టాప్ బాక్సులు బాగుచేసేది. వైర్లు అతికే టంకం పెట్టడంలో అప్పటికే అతనికన్నా ఆమెదే నాజూకు చెయ్యి.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, రఫీకి చెయ్యి పోయింది గానీ నోరు పోలేదు. ఆమె పెద్ద టీవీ మొదటిసారి విప్పినరోజు నేను అక్కడే ఉన్నాను. రఫీ కుర్చీలో కూర్చుని అరుస్తున్నాడు.

"ఎత్తు! అట్ల కాదు, ఎడమ పక్క! దించు, దించు! నేను చెప్పేది వినపడ్డంలా?"

"నువ్వు ఒక్కటి చెప్పు. ఎత్తాల్నా దించాల్నా?" అంది నూర్జహాను.

ఆమె ఎత్తుతుండగా అతను దించమన్నాడు. పటుక్కుమంది. ప్యానల్‌కు ఒక మూల నుంచి ఇంకో మూలదాకా బీట పడింది. ఆ టీవీ సొంతదారుకు వాళ్లు వేరే టీవీ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

రెండురోజులకు రఫీ అన్న జీలాని వచ్చాడు. వెల్డింగ్ పని చేసుకునే మనిషి, చెడ్డవాడు కాదు. దుకాణం గది తండ్రి ఇద్దరి పేరా రాసిపోయాడు. ఆ గదిలో జ్యూస్ సెంటరు పెట్టుకుంటానని ఒకతను జీలాని వెంట తిరుగుతున్నాడు. జీలాని తమ్ముడితో కాకుండా, చిన్నాన్న అని పిలుచుకునే నాతో మాట్లాడాడు. అందరూ వినాలని.

"చిచ్చా, నువ్వే చెప్పు. వీని చెయ్యి పాయె. ఆమె చెయ్యి ఇంకా కుదురుకోలే. అద్దెకిస్తే నెలకింత అని ఇద్దరికీ వస్తది. నేనేమన్నా శత్రువునా?"

"కాదు భాయ్" అని నూర్జహానే జవాబు చెప్పింది. "ఈ ఎండాకాలం అయ్యేదాకా ఆగండి. ఇంకొక ప్యానల్ పగిలినా, నేను బాగుచేసిన టీవీ ఒక్కటి మళ్లీ తిరిగొచ్చినా తాళం మీ చేతికే ఇస్తా."

అంత మాట ఎందుకన్నావని తర్వాత రఫీ కోప్పడ్డాడు. "అనకపోతే ఈరోజే ఇయ్యాల గద" అందామె.

అలా ఆ దుకాణం ఉంటుందా పోతుందా అన్నది ఆమె బాగుచేసే ప్రతి టీవీ మీదా ఆధారపడింది.

వడియాల చాప

ఆ తర్వాత కొద్దిరోజులకు కరుణమ్మ నుంచి ఫోను వచ్చింది. మార్కాపురం బయట పలకల యూనిట్లున్న వైపు ఒక కాలనీలో ఇల్లు. ఆమె బడిపిల్లల పలకలకు అంచులు నున్నగా అరగదీసే పనికి పోతుంది. భర్త ఏసురత్నం తెల్లవారకముందే పలకరాతి గనికి పోతాడు. ఇంట్లో అత్త ఉంటుంది. మాట వినపడుతుంది గానీ బొమ్మ రాదని, ముందొచ్చిన మెకానిక్ ప్యానల్ పోయిందన్నాడని కరుణమ్మ చెప్పింది.

ఖాదర్ సాయిబు, రఫీ, నేను ముగ్గురం మగవాళ్లమే పనిచేసిన రోజుల్లో ఇలాంటి ఇళ్లకు వెళ్లాలంటే సాయంత్రందాకా ఆగాల్సి వచ్చేది. "ఆయన లేడు, పొద్దుగూకినాక రాండి" అనేవాళ్లు. పని అలా రోజులు సాగేది. నూర్జహాను అడిగిన వెంటనే "ఇప్పుడే రా చెల్లే" అంది కరుణమ్మ. ఆడమనిషి ఈ పనిలో ఉంటే ఎంత మేలో నాకు ఆరోజే తెలిసింది. బరువు మోయడానికి తోడుగా నేనూ వెళ్లాను. రఫీని మాత్రం నూర్జహాను రావద్దంది. ఫోను కూడా చెయ్యొద్దంది.

ఇల్లు చిన్నది. గోడకు బైబిలు వాక్యం రాసిన క్యాలెండరు, దాని కింద టీవీ. పలకల దుమ్ము సంగతి ఆ వైపు తిరిగినవాళ్లకు తెలుసు. బూడిదరంగు, మెత్తన, ముక్కులోకీ అన్నంలోకీ వస్తుంది. టీవీ మాత్రం అద్దంలా ఉంది. మంచి ఇల్లాలు అనుకున్నాను.

మంచం మీద కరుణమ్మ అత్త కూర్చుని ఉంది.

"ఎన్నాళ్ల నుంచి బొమ్మ రావడంలేదమ్మా?" అని అడిగాను.

"బొమ్మ లేకుంటే ఏందిలే నాయనా, మాటలు వినపడుతుండాయి గదా. సీరియల్లో ఎవురు ఏడుస్తన్నారో తెలీదు గానీ, వాళ్లతోపాటు నేనూ ఏడుస్తన్నా."

"రేపట్నుంచి చూసి ఏడుద్దువులే అవ్వా" అంది నూర్జహాను.

టార్చి కొట్టి చూస్తే నీడలు కదిలాయి. పరుపు పరిచి టీవీని బోర్లా పడుకోబెట్టి వెనక కవర్ తీసింది. వైర్లు ఊడదీసి, మళ్లీ వెల్లకిలా తిప్పి చుట్టూ ఫ్రేము విప్పింది. ఇక ప్యానల్ ఎత్తాలి. ఈ పనిలో భయపడాల్సింది ఇక్కడే. అద్దం అప్పడమంత పలచన. ఒక అంచున సన్నటి రిబ్బన్లు వేలాడుతుంటాయి, ఒక్కటి చిరిగినా తెర మీద గీత పడుతుంది.

నేను ఒక పక్క పట్టుకోబోతే నూర్జహాను ఆగమంది. కరుణమ్మను, పక్కింటి ఇద్దరు ఆడవాళ్లను పిలిచింది.

"అక్కా, వడియాలు పెట్టిన చాప వానొస్తే లోపలికి ఎట్ల మోస్తారు?"

"నలుగురం నాలుగు మూలలు పట్టుకుని."

"ఒకరు ముందు ఎత్తితే?"

"వడియాలన్నీ ఒకపక్కకు జారిపోవా!"

"అట్లే ఇది. నేను ఊ అన్నాక ఒకేసారి. ఎవురూ మాట్లాడొద్దు."

"దీన్ని మాట్లాడొద్దనడం కష్టం" అని ఒకామె ఇంకొకామెను చూపించింది. అందరూ నవ్వి, నవ్వు ఆగాక చేతులు తుడుచుకున్నారు. నూర్జహాను ఊ అంది. ప్యానల్ లేచి, అడుగు దూరంలో పరిచిన దుప్పటి మీద వాలింది. పటుక్కుమనలేదు.

షీట్లు తీసిన వరసలోనే పక్కన పెట్టింది. అవి తారుమారైతే బొమ్మ మసకబారుతుంది. వాటి మీద వేలిముద్ర పడినా తెరలో మచ్చ కనపడుతుంది కాబట్టి అంచులే పట్టుకుంది. టెస్టరు పెట్టి చూస్తే నడుమ పట్టీలో ఒక బల్బు మాడిపోయింది. మాడినదాన్ని తీగతో దాటేసి మిగతావి వెలిగించేవాళ్లున్నారు. ఆ పని చెయ్యకండి. కొన్నాళ్లు వెలిగి, వరసలో ఇంకొకటి పోతుంది. ఒక్క పట్టీ మార్చినా కొత్తది ఒక రంగు, పాతవి ఒక రంగు. నూర్జహాను పట్టీలన్నీ మార్చింది. టీవీ బిగించి, బొమ్మ వచ్చాక సెట్టింగులోకి వెళ్లి వెలుగు తగ్గించింది. దుకాణంలో తళతళలాడాలని నిండుగా పెట్టిన వెలుగును ఇంటికొచ్చాక ఎవరూ తగ్గించరు. పాపం ఆ బల్బులు తొందరగా అలిసిపోయేది అందుకే.

అవ్వ తెర మీద కనపడ్డ సీరియల్ మనిషి వంక చూసింది. "ఓసి దీని మొగం! గొంతు విని మంచిదనుకుంటి" అంది.

తిరిగొచ్చిన చీకటి

ఎండలు ముదిరాయి. ఒక పొద్దున కరుణమ్మ ఫోను చేసింది. మళ్లీ మాటే వినపడుతోంది, బొమ్మ పోయింది.

ఫోను పెట్టేసి నూర్జహాను సంచిలో టెస్టరు, మీటరు సర్దుకుంది. రఫీ ఒక కారణం చెప్పాడు, పట్టీలు నాసిరకం అన్నాడు. నేను ఒకటి చెప్పాను, ఆ కాలనీలో కరెంటు ఎక్కువ తక్కువలు అన్నాను. ఆ కాలనీ టీవీలు తరచూ పోతాయని, అంతా కరెంటు మహిమేనని ఊళ్లో మెకానిక్కులందరం ఏనాటి నుంచో అనుకుంటున్న మాటే అది.

సంగతి జీలానికి ఎలా తెలిసిందో గానీ తెలిసింది. దుకాణం గడపలో నిలబడ్డాడు.

"బేటీ, తిరిగొచ్చిందంట గదా?"

"వచ్చింది భాయ్."

"మరి?"

"ఎందుకొచ్చిందో చూసి వస్తా. తప్పు నా చేతిదైతే సాయంత్రం తాళం మీ ఇంటికొస్తది."

జీలాని ఇబ్బందిగా నా వైపు చూశాడు. గెలిచినవాడి చూపు కాదది. "అట్లనే" అని వెళ్లిపోయాడు.

మళ్లీ నేనూ, ఆమే. దారిలో ఆటోలో ఆమె ఒక్కమాట అడిగింది. "చిచ్చా, మాడిపోవడం అంటే వేడికే గద. ఆ వేడి యాడ్నుంచి వస్తాంది?"



దండెం మీద చొక్కా

టీవీ మళ్లీ విప్పితే నడుమ పట్టీల బల్బులు నల్లబడ్డాయి. వాటి చుట్టూ ఉన్న తెల్లటి షీటు కాలిన రొట్టెలా పచ్చబారింది. బల్బులకు వెళ్లే కరెంటు కొలిస్తే సరిగ్గానే ఉంది. వెలుగు మేము తగ్గించిన చోటే ఉంది. టీవీ మీద ఎండ పడదు, పొయ్యి దూరం. పట్టీలు మార్చడం పెద్ద పని కాదు. మార్చి వచ్చేస్తే మళ్లీ మాడతాయని మా ఇద్దరికీ తెలుసు.

ఇక్కడ విలేకరి పని గురించి ఒక మాట. అధికారి వస్తున్నాడంటే ఊళ్లో కాలువ పక్కన తెల్లగా బ్లీచింగ్ పొడి పడుతుంది. ఆరోజు వెళ్లి ఊరు శుభ్రంగా ఉందని రాసేవాణ్ని మా సబ్ ఎడిటర్ బతకనిచ్చేవాడు కాదు. "ముందురోజు కాలువ చూశావా?" అనేవాడు. మెకానిక్ వెళ్లినప్పుడు కనపడేది మెకానిక్ వచ్చినరోజు టీవీ. మామూలు రోజున ఆ టీవీ ఎలా ఉంటుందో మాలో ఎవరూ చూడలేదు. ఈ ముక్క నాకు ఆ గదిలో తట్టలేదు. తట్టేలోపే నూర్జహాను చూసేసింది.

చేతులకు అంటిన మసి కడుక్కోవాలని నూర్జహాను అంటే కరుణమ్మ ఆమెను పెరట్లోకి తీసుకెళ్లింది. నేను ముందుగదిలో ఉన్నాను. మగవాడిని కనక ఆ పెరడు నేను ఎన్నడూ చూడలేదు. మా మెకానిక్కులెవరూ చూసి ఉండరు. మాటలు మాత్రం స్పష్టంగా వినపడ్డాయి.

"అక్కా, దండెం మీద అదేంది? ఎవురి చొక్కా అది? చేతులు లేవు, మెడ లేదు."

"మనుషులది కాదు చెల్లే. టీవీది."

"టీవీదా?"

"దుమ్ము పడకుండా కుట్టినా. ముందు బొమ్మకాడ ఖాళీ ఇడిసి, చుట్టూ ఎలాస్టిక్కు పెట్టి, ఎనక గుండీలు పెట్టినా. మంచి మందం గుడ్డ, జీన్ ప్యాంటుది."

"ఎప్పుడూ ఉంటదా టీవీకి?"

"రాత్రీ పగలూ ఉంటది."

"మేము వచ్చినప్పుడు లేదే?"

"భలేదానివే! ఇంటికి మనిషి వస్తాంటే పాతగుడ్డ కట్టి చూపిస్తామా? మీరొస్తారంటే విప్పి, ఉతికి ఆరేసి, టీవీ తుడిచి పెడతా."

తర్వాత నూర్జహాను తడిచేతులతోనే లోపలికి వచ్చింది. టీవీ వెనక కవరుకు ఉండే గాలి సందుల మీద వేలు పెట్టి రాసి నాకు చూపించింది. దుమ్ము లేదు. నీళ్లకుండ మూతి మీద కూడా పలకల పొడి ఉండే ఇంట్లో, టీవీ గాలి సందుల్లో చిటికెడు దుమ్ము లేదు. రెండుసార్లూ అది చూసి మంచి ఇల్లాలనుకున్నాను. గాలే ఆడని చోటికి దుమ్ము మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది?

నూర్జహాను ఆమెను తప్పుపట్టలేదు. అలా పట్టకపోవడం ఈ పనిలో చాలా అవసరం. కొత్త పట్టీలు వేసి, అందరూ కలిసి ప్యానల్ దించి, టీవీ వెలిగించింది. ఆ ఆరిన చొక్కా తెప్పించి తానే తొడిగి గుండీలు పెట్టింది. టీ తాగుదామంది. టీ అయ్యాక, కబుర్లు అయ్యాక, కరుణమ్మ చెయ్యి పట్టుకుని గుడ్డ సందులోంచి టీవీ వెనక పెట్టించింది.

"అమ్మో! పెనం మాదిరి ఉంది గదే!"

చొక్కా విప్పి, కొంతసేపయ్యాక మళ్లీ పెట్టి చూడమంది. కరుణమ్మ చూసింది. గోరువెచ్చగా ఉంది. ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది. ఆమె ముఖం మాత్రం ముడుచుకుంది.

"నా చేత్తోనే దాన్ని చంపుకున్నానా?"

"కాదక్కా. దుమ్ము నిజమే. తొడుగు లేకుంటే దుమ్ముతో పోతది. తొడిగి నడిపితే వేడితో పోతది. చూసేటప్పుడు విప్పాల, ఆపి చల్లారినాక తొడగాల. అంతే."

"పనికి పోయేదాన్ని, ఎవురికి గుర్తుంటది ఆ విప్పేదీ తొడిగేదీ?"

మంచం మీద నుంచి అవ్వ అందుకుంది. "నేను లేనా? దాని చొక్కా విప్పకుండా ఎవురన్నా రిమోటు ముట్టుకుంటే చెయ్యి ఇరగ్గొడతా."

మేము బయల్దేరుతుంటే కరుణమ్మ గడపలో ఆగిపోయింది. "చెల్లే, ఈ వీధిలో టీవీ ఉన్న ప్రతి ఇంటికీ నేనే కుట్టిచ్చినా" అంది. ఆ వీధి టీవీలు ఎందుకు పోతున్నాయో, ఏళ్ల తరబడి మేమంతా కరెంటును ఎందుకు తిట్టామో అప్పుడు తెలిసింది. నూర్జహాను ఏదో చెప్పబోయేలోపే కరుణమ్మ చెప్పులు వేసుకుంది. "నేను కుట్టినా గదా, నేనే పోయి చెప్తా" అని పక్కింటి తలుపు తట్టింది.

పనిలోకి వచ్చేవాళ్లకు

మాడిన బల్బును మార్చడం చెయ్యి చేసే పని. అది ఎందుకు మాడిందో కనుక్కోవడం అసలు పని. మొదటిదానికి మీటరు చాలు. రెండోదానికి ఆ ఇంట్లోవాళ్లు ఎలా బతుకుతారో తెలియాలి. టీవీ ఎప్పుడు వేస్తారు, ఎవరు చూస్తారు, దాని మీద ఏం పెడతారు, దాన్ని ఎలా ప్రేమిస్తారు అని అడగాలి. వాళ్లు మీకోసం టీవీని తుడిచి సిద్ధం చేస్తారని గుర్తుంచుకోండి. అది మర్యాద. మన దగ్గర ఏదో దాచాలని కాదు.

ఈ పని మగవాళ్లదే అని ఎవరైనా అంటే నమ్మకండి. పగటిపూట ఇళ్లలోకి, పెరళ్లలోకి వెళ్లగలిగినవాళ్లకే సగం జబ్బులు కనపడతాయి. టీవీలు పాడైతే పారేసి కొత్తవి కొంటారు, ఈ వృత్తి చచ్చిపోయిందని నన్ను చాలామంది ఓదార్చారు. పిక్చర్ ట్యూబులు పోయినప్పుడూ అదే అన్నారు. మన వైపు జనం అంత తొందరగా దేన్నీ పారేయరు. వాళ్లకు కావలసింది పారెయ్యమని చెప్పని మనిషి.

ఆ సాయంత్రం తాళం జీలాని ఇంటికి వెళ్లలేదు. నూర్జహానే వెళ్లి జరిగింది చెప్పింది. అతను పూర్తిగా నమ్మాడో లేదో తెలియదు. ఎండాకాలం అయ్యేదాకా చూద్దామన్నాడట. ఆ ఎండాకాలమంతా కరుణమ్మ టీవీ వెలిగింది. ఆ వీధివాళ్లు పాడై మూలనపడ్డ తమ టీవీలను ఒక్కొక్కటిగా దుకాణానికి మోసుకొచ్చారు. వాళ్ల చుట్టాలు పెద్దారవీడు నుంచి, త్రిపురాంతకం నుంచి ఫోన్లు చేశారు. రఫీకీ పని దొరికింది. ఫోను ఎత్తి, ఓపికగా ప్రశ్నలు అడిగి, ఏ ఇంటికి ఎప్పుడు వెళ్లాలో అతనే చూస్తాడు. అడగడానికి అలవాటుపడ్డాక అరవడం తగ్గింది.

వానలు మొదలయ్యే ముందు జీలాని జ్యూస్ సెంటరు మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎండాకాలం గడువు తీరింది, గది ఇక తనకే అనుకుని, కొలుచుకోవడానికి ఆ మనిషి టేపు తెచ్చుకున్నాడు. టేపు ఒక కొస పట్టుకుని జీలాని లోపలికి అడుగు పెట్టాడు. గోడ దాకా వెళ్లే దారి లేదు. గోడలకు ఆనించి టీవీలు, బల్ల కింద టీవీలు, కుర్చీ మీద ఒకటి. నూర్జహాను ఏదో పట్టీకి టంకం పెడుతోంది, తల ఎత్తలేదు.

అప్పుడే యర్రగొండపాలెం బస్సు దిగిన ఒకతను దుప్పట్లో చుట్టిన టీవీని భుజానికెత్తుకుని చెమటలు కక్కుతూ వచ్చాడు. గడపలో ఉన్న జీలానిని చూసి, "అన్నా, టీవీలు ఒకామె బాగుచేస్తదంట. ఈ దుకాణమేనా?" అన్నాడు.

జీలాని ఒక్క క్షణం లోపలికి, ఒక్క క్షణం చేతిలో ఉన్న టేపు కొస వైపు చూశాడు. దాన్ని వదిలేశాడు. అది సర్రున వెళ్లి జ్యూస్ సెంటరు మనిషి చేతిలోని డబ్బీలో పడింది.

"ఇదే. మా తమ్ముని భార్య" అని టీవీ రెండో పక్క పట్టుకుని దించాడు. "మెల్లగా. నిలబెట్టే పెట్టు, పడుకోబెట్టొద్దు." తర్వాత వెనక్కి తిరిగాడు. "నువ్వేమీ అనుకోవాకు అన్నా. నీకు బస్టాండు పక్క వేరే గది చూపిస్తా."

ఆ మనిషి టేపు జేబులో వేసుకున్నాడు గానీ కదల్లేదు. గుమ్మంలోంచి తల లోపలికి పెట్టి నూర్జహానును పిలిచాడు.

"అమ్మా, మా ఇంట్లో కూడా ఒకటి ఉంది. నాలుగు నెలలాయె. మాట వినపడుతుంది, బొమ్మ రాదు."

"రేపు పొద్దున వస్తా" అంది నూర్జహాను. "ఇంట్లో ఆడవాళ్లు ఉంటారు గదా?"